ఇంట్లోనే కదండీ... ఖర్చేముంటుంది!

తెల్లవారుజాము అయిదు గంటలు. రావులపాలెం వైపు నుంచి గౌతమి వంతెన దాటి వచ్చే లారీల చప్పుడు తప్ప జొన్నాడలో మరో అలికిడి లేదు. ఓ ఇంట్లో మాత్రం లైటు వెలుగుతోంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆయన గొంతు తగ్గించి లెక్కలు చెబుతున్నాడు. వినేది అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు. అక్కడ అప్పుడు ముందురోజు సాయంత్రం.

ఏడింటికి పాఠం అయిపోతుంది. తొమ్మిదింటికి అదే గదిలో, అదే బల్ల ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మొదలవుతుంది. 2020లో కరోనా తరిమితే ఊరు చేరాడు. కంపెనీ ఇంటి నుంచే పని చేయమంది. అత్తవారి ఊరు దగ్గరని జొన్నాడలో అద్దెకు దిగాడు. తెలిసినవాళ్ల పిల్లాడికి సరదాగా మొదలెట్టిన ట్యూషన్ ఏడాదికి లక్షన్నర తెచ్చిపెట్టే పనైంది.

పన్ను రిటర్న్ వేసే రోజు వచ్చింది. ఆడిటరు గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ట్యూషన్ల మీద లక్షన్నర వచ్చిందన్నమాట. మరి దీనికి ఖర్చులేమైనా ఉన్నాయా బాబూ?"

"ఖర్చులేముంటాయండీ... ఇంట్లోనే కదండీ చెప్పేది!"

ఈయన ఫలానా ఇంటి మనిషి అని కాదు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఊహించుకున్న మనిషి. ఆ జవాబు మాత్రం ఏ ఊళ్లోనైనా వినపడేదే. ఆ ఒక్క మాట ఆయనకు ఎంతకు పడుతుందో తెలుసా? దాదాపు 59 వేల రూపాయలు!

గీత దాటితే...

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో పన్ను విధించదగ్గ ఆదాయం 12 లక్షల రూపాయలు దాటకపోతే రిబేటు పోను కట్టాల్సింది సున్నా. జీతగాళ్లకు 75 వేల ప్రామాణిక తగ్గింపు అదనం. మన లెక్కల మాస్టారి జీతం ఏడాదికి 12 లక్షలు అనుకుందాం. 75 వేలు తీసేస్తే 11.25 లక్షలు. ఇక్కడితో ఆగితే పన్ను లేదు.

ట్యూషన్ల మీద వచ్చిన లక్షన్నరనూ పూర్తిగా ఆదాయం కింద రాసేస్తే? మొత్తం 12.75 లక్షలు. గీత దాటేసింది. దాటాక పన్ను పడేది పైనున్న 75 వేలకు మాత్రమే కాదు. రిబేటు పోతుంది, శ్లాబుల లెక్క మొదటి నుంచీ మొదలవుతుంది. 4 లక్షల నుంచి 8 లక్షల దాకా 5 శాతం చొప్పున 20,000. 8 నుంచి 12 దాకా 10 శాతం చొప్పున 40,000. ఆపైన 75 వేలకు 15 శాతం చొప్పున 11,250. మొత్తం 71,250. దానిమీద 4 శాతం సెస్సు 2,850. వెరసి 74,100 రూపాయలు.

తెల్లవారుజామున లేచి సంపాదించిన లక్షన్నరలో దాదాపు సగం అలా పోతుందన్నమాట. తప్పు శ్లాబులది కాదు. చేతికొచ్చిన డబ్బంతా ఆదాయమే అనుకోవడంలో ఉంది. వ్యాపారంలోగానీ వృత్తిలోగానీ చట్టం పన్ను వేసేది ఖర్చులు పోను మిగిలిన దానిమీద.

గదిలో దాక్కున్న ఖర్చులు

మరి ఇంట్లో ఖర్చేముంది? ఆ గదిలోకే వెళ్లి చూద్దాం.

పిల్లలకు పాఠాలు చెప్పడానికే విడిగా కొన్న ల్యాప్‌టాప్ ఖరీదు 60,000. కంప్యూటర్ల మీద తరుగుదల ఏడాదికి 40 శాతం. అంటే 24,000. తెర మీద అంకెలు రాసే డిజిటల్ పలక 8,000 పెట్టి కొన్నాడు. అదీ కంప్యూటర్‌తో పనిచేసేదే కాబట్టి 3,200. వీడియో పాఠాలకు కట్టే ఏడాది చందా 12,000. పుస్తకాలు, ప్రశ్నపత్రాలు 3,000. ఆడిటరు గారి ఫీజు 5,000. ఇవన్నీ నేరుగా ట్యూషన్ కోసం పెట్టినవే.

ఇక ఇంటితో కలిసిపోయినవి. నెలకు 9,000 చొప్పున ఏడాది అద్దె 1,08,000. ఇల్లు 600 చదరపు అడుగులు, ఆ గది 120. అంటే అయిదో వంతు, 21,600. అయితే ఆ గదిలో రోజుకు ఎనిమిది గంటలు ఉద్యోగం, నాలుగు గంటలు పాఠాలూ వాటి తయారీ. ఉద్యోగం కోసం వాడిన భాగాన్ని ఇక్కడ రాసుకోకూడదు. జీతానికి ఇచ్చే తగ్గింపు ఆ 75 వేలే. కాబట్టి ట్యూషన్ వాటా మూడో వంతు, 7,200. ఇంటర్నెట్‌కు ఏడాదికి 12,000 కడితే అందులో మూడో వంతు 4,000. కరెంటు బిల్లు 24,000 అయితే గది వాటా 4,800, అందులో మూడో వంతు 1,600. బల్లా కుర్చీ 12,000. ఫర్నిచర్‌కు తరుగుదల 10 శాతం, అంటే 1,200. దాన్లో మూడో వంతు 400.

అన్నీ కూడితే 60,400. లక్షన్నరలో అది తీసేస్తే మిగిలింది 89,600. జీతంతో కలిపి 12,14,600. గీత కొద్దిగా దాటింది. ఇలాంటివాళ్ల కోసమే ఉపాంత ఉపశమనం ఉంది. 12 లక్షల మీద ఎంత పెరిగిందో అంతకు మించి పన్ను వేయరు. అంటే 14,600. సెస్సుతో కలిపి 15,184. అంతకుముందు లెక్క 74,100 కదా. తేడా 58,916 రూపాయలు. "ఖర్చులేముంటాయండీ" అన్నమాట ఖరీదు అదీ!

కొత్త విధానంలో మినహాయింపులన్నీ పోయాయి కదా అనే అనుమానం చాలామందికి వస్తుంది. పోయినవి 80సీ లాంటివి. పిల్లల ఫీజులు, బీమా ప్రీమియాల వంటివాటి మీద ఇచ్చేవి. సంపాదన కోసం పెట్టిన ఖర్చు మినహాయింపు కాదు, ఆదాయం తేల్చే లెక్కలో భాగం. అది రెండు విధానాల్లోనూ ఉంది.

చట్టం ఒప్పుకునేదెంత?

1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇదంతా వరసగా ఉంది. 30వ సెక్షన్ పనిచేసే చోటు అద్దె, మరమ్మతులు, ఇంటి పన్ను, బీమా గురించి చెబుతుంది. 32 తరుగుదల గురించి. 37 మిగతా ఖర్చుల గురించి. మన ఇంటికి బాగా అక్కరకొచ్చేది 38. ఇంట్లో కొంత భాగమే పనికి వాడితే న్యాయమైన వాటా మాత్రమే రాసుకోవాలని ఆ సెక్షన్ సారాంశం. 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు అందులో మారాయి. ఖర్చులు పోను మిగిలిందే ఆదాయమన్న సూత్రం మారలేదు.

సొంతిల్లయితే? అద్దె కట్టడం లేదు కాబట్టి అద్దె ఖర్చూ లేదు. తనకు తానే అద్దె ఇచ్చుకున్నట్టు రాసుకోవడం కుదరదు. ఆ గది వాటాకు వచ్చే కరెంటు, ఇంటి పన్ను, మామూలు మరమ్మతులు రాసుకోవచ్చు. నాన్నగారి పేర ఉన్న ఇంట్లో ఉంటూ ఆయనకు అద్దె ఇస్తుంటే? నిజంగా ఇవ్వాలి, బ్యాంకు ద్వారా ఇస్తే మేలు, ఆయన తన ఆదాయంలో చూపుకోవాలి. పాత విధానంలో ఉండి అదే అద్దె మీద ఉద్యోగం తాలూకు ఇంటద్దె భత్యం మినహాయింపు తీసుకుంటే, ఆ భాగాన్ని మళ్లీ ఇక్కడ రాసుకోకూడదు. ఒక ఖర్చు, ఒకసారే.

ఇంకో రెండు సంగతులు. వస్తువు కొని ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే. ఒకే రోజు ఒకే మనిషికి 10 వేలు మించి నగదు రూపంలో ఇచ్చిన ఖర్చును సాధారణంగా ఒప్పుకోరు.

గుండె కూడా యంత్రమేనా?

'పని కోసమే' అన్న మాటను ఎంతదాకా సాగదీయొచ్చు? దీనికో ఆసక్తికరమైన కేసుంది. మాజీ కేంద్ర న్యాయశాఖ మంత్రి, ప్రముఖ న్యాయవాది శాంతి భూషణ్ గుండె శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆ ఖర్చును వృత్తి ఖర్చుగా చూపించారు. గుండె సరిగా పనిచేస్తేనే కదా కోర్టులో వాదించగలిగేది, అది తన వృత్తికి పరికరం లాంటిదేనన్నది ఆయన వాదన. 2011లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. గుండె ప్రతి మనిషికీ బతకడానికి కావాలి, వృత్తి కోసమే కాదు.

అంతకుముందు 1983లో బ్రిటన్‌లో ఓ మహిళా న్యాయవాది కోర్టుకు వేసుకెళ్లే నల్ల దుస్తుల ఖర్చు అడిగారు. అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదంది. బట్టలు ఒళ్లు కప్పుకోవడానికీ పనికొస్తాయి కదా అని!

మన లెక్కల మాస్టారికీ అదే కొలబద్ద. పాఠానికి ముందు తాగే కాఫీ, హాల్లో టీవీ, పిల్లాడి ఆన్‌లైన్ ఆటలు ఇందులోకి రావు. వచ్చినట్టు రాస్తే అది లెక్క కాదు, అబద్ధం. శాఖ అడిగినప్పుడు వడ్డీతో, జరిమానాతో తిరిగి కట్టాల్సి వస్తుంది.

అదే గది... వేరే లెక్క

ఈయన పాఠాలు కాకుండా తెల్లవారుజామున ఎవరికో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి పెడుతున్నాడనుకుందాం. గది అదే, డబ్బూ అదే. లెక్క మాత్రం మారిపోతుంది. వైద్యం, న్యాయవాదం, ఇంజినీరింగ్, అకౌంటెన్సీ, సమాచార సాంకేతిక రంగం లాంటి కొన్ని వృత్తులకు 44ఏడీఏ అనే సెక్షన్ ఉంది. వచ్చిన మొత్తంలో కనీసం సగం ఆదాయంగా చూపిస్తే చాలు, రసీదులు అడగరు. లక్షన్నరలో సగం 75 వేలు. జీతంతో కలిపి సరిగ్గా 12 లక్షలు. పన్ను సున్నా! అయితే ఆ సగంలోనే అద్దె, కరెంటు, తరుగుదల అన్నీ కలిసిపోయినట్టు. మళ్లీ విడిగా అడగకూడదు. సగం కన్నా తక్కువ చూపాలంటే పద్దు పుస్తకాలు, ఆడిట్ తప్పవు.

ట్యూషన్ ఆ వృత్తుల జాబితాలో లేదు. చిన్న వ్యాపారాలకు 44ఏడీ అని మరొకటి ఉంది కానీ, ట్యూషన్ దాని కిందికి వస్తుందా రాదా అన్నది ఆడిటరు గారితో మాట్లాడి తేల్చుకోవాల్సిందే. అందుకే ఇలాంటివాళ్లకు రసీదులే దిక్కు.

పూతరేకుల పొయ్యి దగ్గర

జొన్నాడ నుంచి వంతెన దాటితే రావులపాలెం, ఇంకాస్త పైకి వెళితే ఆత్రేయపురం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల ఊరు. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద తడి గుడ్డతో పరిచే బియ్యప్పిండి పూత. ఇంటి పెరట్లోనే కర్మాగారం! అలాంటి ఓ ఇంట్లో ఆవిడకు ఏడాదికి 3 లక్షల అమ్మకాలు, అన్నీ ఫోన్‌లోనే జమ అవుతాయనుకుందాం. 'నా ఖాతాలో మూడు లక్షలు పడ్డాయి, పన్ను వాళ్లు వస్తారేమో' అన్న భయం ఆవిడది.

అది అమ్మకం, ఆదాయం కాదు. బియ్యం, బెల్లం, నెయ్యి, వంటచెరకు, పెట్టెలు, సాయం వచ్చినవాళ్ల కూలీ పోతేగానీ ఆదాయం తేలదు. 44ఏడీ కింద నగదు రాబడి మీద కనీసం 8 శాతం, డిజిటల్ రాబడి మీద కనీసం 6 శాతం లాభంగా చూపితే చాలు. మూడు లక్షల మీద 6 శాతం 18 వేలు. వేరే ఆదాయం లేకపోతే పన్ను ప్రసక్తే లేదు. అంతకన్నా ఎక్కువ మిగిలిందంటే ఎక్కువే చూపుకోవచ్చు. రేపు బ్యాంకు రుణానికి వెళితే ముందు అడిగేది రిటర్నులే. పన్ను పడని ఆదాయాన్ని కాగితం మీద చూపించడం వల్ల ఆవిడకు వచ్చే లాభం అదీ.

ఇంటి పని లెక్కలోకి రాకపోవడం కొత్తేమీ కాదు. గోదావరి అవతల నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఓ పుస్తకమే రాశారు. ఆ స్త్రీల శ్రమతో విదేశాలకు సరుకు వెళుతోంది. వాళ్లనేమో లోకం పనివాళ్లుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే చూసింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. "ఇంట్లోనే కదా" అన్నమాట వెనక ఇంత చరిత్ర ఉంది.

పాలసీలు చేయించే వాళ్లకు

సాయంత్రాలు బండేసుకుని పాలసీలు చేయించే బీమా ఏజెంట్లది మరో కథ. కమిషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు. పెట్రోలు, ఫోను, ఇంట్లో కాగితాల పనికి వాడే చోటు... ఇలా అసలు ఖర్చులే చూపాలి. ఖాతాలు రాయని చిన్న ఎల్ఐసీ ఏజెంట్ల కోసం 1990లలో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్లు ఇచ్చింది. మొత్తం కమిషన్ 60 వేల లోపుంటే మొదటి ఏడాది కమిషన్‌లో 50 శాతం, రెన్యువల్ కమిషన్‌లో 15 శాతం ఖర్చు కింద తీసుకోవచ్చు. గరిష్ఠం 20 వేలు.

2025 ఏప్రిల్ నుంచి ఏడాది కమిషన్ 20 వేలు దాటితే ఏజెంటుకు 2 శాతం చొప్పున మూలంలోనే పన్ను కోత మొదలైంది. 90 వేల కమిషన్ మీద 1,800. పన్ను పడనివాళ్లు రిటర్న్ వేస్తే అది తిరిగొస్తుంది. వేయకపోతే రాదు. అంతే!

వేరే దేశాల్లో గంటకింత, అడుగుకింత

గదులు కొలిచి వాటాలు వేసే ఈ తలనొప్పి లేకుండా కొన్ని దేశాలు దారి చూపించాయి. అమెరికాలో సొంతంగా పనిచేసుకునేవాళ్లు ఇంట్లో పనికి మాత్రమే కేటాయించిన చోటుకు చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున, 300 అడుగుల దాకా తీసుకోవచ్చు. 2013 నుంచీ ఈ సదుపాయం ఉంది. బ్రిటన్‌లో ఇంట్లో నెలకు ఎన్ని గంటలు పనిచేస్తే దాన్నిబట్టి 10, 18, 26 పౌండ్లు. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి గంటకు 70 సెంట్లు. మన దగ్గర ఇంటి గదికి అలాంటి లెక్క లేదు. న్యాయమైన వాటా ఎంతో మనమే తేల్చి, అడిగితే చూపించాలి.

మొదలెట్టేముందు...

ప్రభుత్వ ఉద్యోగులు ముందు సర్వీసు నిబంధనలు చూసుకోవాలి. అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయడాన్ని 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి ఒప్పుకోదు. ప్రైవేటు ఉద్యోగులు నియామక పత్రంలో ఏముందో చదువుకోవాలి.

వృత్తి, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు ఐటీఆర్-1 పనికిరాదు. అసలు ఖర్చులు చూపేవాళ్లకు ఐటీఆర్-3, అంచనా పద్ధతిలో చూపేవాళ్లకు సాధారణంగా ఐటీఆర్-4. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ఏటా పాత, కొత్త విధానాల్లో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. పక్క సంపాదన మొదలయ్యాక ఆ వెసులుబాటు ఉండదు. పాత విధానానికి వెళ్లి ఒకసారి వెనక్కొస్తే, ఆ ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లే దారి మూసుకుపోతుంది. కట్టాల్సిన పన్ను 10 వేలు, అంతకు మించి ఉంటే ముందస్తు పన్ను కట్టాలి. పక్క సంపాదన సంగతి కంపెనీకి చెప్పి జీతంలోనే కోయించుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

ఇంతకీ వీటన్నిటికీ కావలసిందేమిటి? ఓ నోటుబుక్కు. తారీఖు, ఎవరికి, ఎంత, ఎందుకు. పక్కనే ఓ కవరు, రసీదులకు. గది కొలతలు మొదటి పేజీలో, రోజూ ఎన్ని గంటలు పని చేశారో చివరి పేజీల్లో. రోజుకు రెండు నిమిషాలు చాలు.

మళ్లీ ఏడాది ఆడిటరు గారు అడుగుతారు. "ఖర్చులేమైనా ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయండీ. ఇదిగోండి పుస్తకం."